పీపాలో పప్పునూనె

జహనుమా,
హైదరాబాదు.
ఆదివారం మధ్యాహ్నం.

అక్కయ్యకు,

నీ తమ్ముడు కామేశం దణ్ణాలు పెట్టి రాస్తున్నాడు. నేనిక్కడ కులాసా. నువ్వూ, బావగారూ, మీ అత్తగారూ, బుజ్జీ అందరూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. మీ అత్తగారి మోకాళ్ళు ఎలా ఉన్నాయి? బావగారి దగ్గు తగ్గిందా? ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే ఈ ఉత్తరం రెండు రోజులాగి చదువు. అందరూ బాగుంటే ఇప్పుడే చదువు. కానీ పెరట్లో ఒక్కదానివే కూర్చుని చదువు, పైకి మాత్రం చదవొద్దు. మీ అత్తగారికి మోకాళ్ళు పనిచెయ్యకపోయినా చెవులు బాగా పనిచేస్తాయి.

ముందే ఒక సంగతి చెప్పాలి. పంతులుగారి ప్రసాదు గురువారం రైల్లో పాలకొల్లు వస్తున్నాడు. నువ్వు వాడితో పంపిన సున్నుండలు అందాయి, ఒక్కటీ విరగలేదు, మహా రుచిగా ఉన్నాయి. ఆ డబ్బా తిరిగిచ్చే వంకతో వాడు రైలు దిగి నేరుగా మీ ఇంటికే వస్తాడు. వచ్చి నా గురించి ఏదో చెబుతాడు. అందులో పావు వంతు నిజం, ముప్పావు వంతు వాడి పైత్యం. ఆ పావు వంతు నా నోటితోనే నీకు తెలియాలని రేపు ఆఫీసుకు వెళ్తూ దీన్ని స్పీడుపోస్టులో వేస్తాను. వాడికంటే ఒక రోజు ముందే నీకు చేరుతుంది.

నేను తాగలేదక్కా. రుచి చూశాను. ఆ రెండింటికీ చాలా తేడా ఉంది. ఆ తేడా చెప్పడానికే ఇన్ని కాగితాలు.

నేను బండెక్కేరోజు నీ చేతిలో చెయ్యి వేసి పేకాట, సిగరెట్టు, మందుచుక్క మూడూ ముట్టనని ఒట్టేశాను గదా. పేకాట ముట్టలేదు. ఆఫీసులో మధ్యాహ్నం భోజనాలయ్యాక రికార్డు రూములో ముక్కలు పంచుతారు, నేను వీపు తిప్పుకుని కూర్చుంటాను. సిగరెట్టు ముట్టలేదు. మూడోదాని సంగతి మొదటినుంచీ చెప్తేనే నీకు అర్థమవుతుంది. మధ్యలో కోపం తెచ్చుకుని కాగితం పొయ్యిలో వెయ్యకు.

ఇక్కడ చలి మొదలైంది. మన వైపు చలి కాదిది, పొడి చలి. పెదాలు పగిలాయి. ఉదయం బస్సులో వేళ్ళాడుతూ దబీర్‌పురా వెళ్ళేసరికి చేతులు కొయ్యబారిపోతున్నాయి. ఆఫీసులో పని పర్వాలేదు. పాత దస్తావేజులకు అట్టలు కట్టి నంబర్లు వెయ్యాలి. సగం ఉర్దూలో ఉంటాయి, ఏది పైనో ఏది కిందో తెలియక మొదట్లో పది పన్నెండింటికి తలకిందులుగా అట్టలు వేశాను. ఇప్పుడు తెలుస్తోంది. ఇరానీ చాయ్ అలవాటైంది. చాయ్ మీద ఒట్టు లేదు కాబట్టి దాని గురించి దాపరికమూ లేదు. అన్నం నేనే వండుకుంటున్నాను. నువ్విచ్చిన ఆవకాయ జాడీ సగానికి వచ్చింది, పొదుపుగా వాడుతున్నాను. ఆరోగ్యం బాగుంది, మళ్ళీ చెబుతున్నాను, బెంగ పెట్టుకోకు.

సాయంత్రం వచ్చి తాళం తీస్తే ‘వచ్చావా’ అనే మనిషి లేకపోవడమే కష్టంగా ఉండేది. ఆ కష్టం గార్డుగారు తీర్చారు. ఆయన మా ఇంటి ఓనరని ఇదివరకు రాశాను. పేరు శామ్యూలు. గూడ్సు బండి మీద గార్డుగా చేసి రిటైరయ్యారు. భార్య రూతమ్మగారు చనిపోయి అయిదేళ్ళయింది, పిల్లలు లేరు. రోజూ వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుని, నేను కనిపించగానే ‘వచ్చినవా బిడ్డా, తిన్నవా?’ అంటారు. అంతవరకే రాశాను. ఆయన వంటింట్లో ఉన్న పీపా సంగతి నీకు రాయలేదు. అదొక్కటి దాచాను, క్షమించు.

నేను గది అడగడానికి వెళ్ళినరోజు గార్డుగారు నన్ను చూసి ‘ఏ ఊరయ్యా?’ అన్నారు. పాలకొల్లన్నాను. ‘నర్సాపురం పక్కనేనా?’ అన్నారు. అవునన్నాను. ఇంకేమీ అడగకుండా లోపలికెళ్ళి తాళంచెవి తెచ్చి చేతిలో పెట్టారు. తర్వాత తెలిసింది, రూతమ్మగారిది నర్సాపురమట. నర్సు ఉద్యోగం వచ్చి ఇక్కడికి చేరి, ఈయన్ని పెళ్ళి చేసుకుని ఉండిపోయారట. అంటే ఆవిడా మనలాగే వచ్చి పడ్డ మనిషన్నమాట.

ఆవిడకి ఒక విద్య వచ్చు. చిన్నప్పుడు ఎవరో జర్మనీ దొరసాని నేర్పిందట, ఇంట్లో బీరు చెయ్యడం. తెరిచిన నోరు మూసుకో, ముక్కు మీద వేలు తర్వాత వేసుకుందువుగాని. సీసాల్లో అమ్మే బీరు కాదిది. బార్లీ గింజల్ని మొలకెత్తించి, ఎండబెట్టి, వేయించి, కాచి, బెల్లం వేసి, చేదుకు నేలవేము వేసి, బేకరీవాళ్ళ దగ్గర ఈస్టు తెచ్చి కలిపి, పీపాలో పోసి మూడు నెలలు ముగ్గబెడతారు. ఆ పీపా ఏ నవాబు దేవిడీలోనో సామాను అమ్మేసినప్పుడు దొరికిందట. లోపలంతా కాల్చిన చెక్క, నల్లగా ఉంటుంది. ఎత్తు నా నడుము దాకా. కిందన ఇత్తడి కొళాయి. పైన మూత పెట్టి, గుడ్డతో వాసెన కడతారు, అచ్చం మన జాడీకి కట్టినట్టే. ఇలా ఇంట్లో చేసుకోవడం చట్టం ఒప్పుకుంటుందో లేదో నేను అడగలేదు. గవర్నమెంటు ఉద్యోగిని, కొన్ని విషయాలు తెలియకపోతేనే మంచిది.

ఏడాదికొక్క పీపా. వాళ్ళిద్దరికీ, పండక్కి వచ్చే నలుగురికీ అంతే. ఆవిడ ఉన్నన్నాళ్ళూ ఈయన్ని దాని దగ్గరికి రానిచ్చేది కాదట. ఆవిడ పోయాక నాలుగేళ్ళూ ఈయనే చేశారు. నాలుగుసార్లూ పులిసి వెనిగరైపోయింది. నాలుగుసార్లూ పెరట్లో నిమ్మచెట్టుకు పోశారు. నిమ్మచెట్టు రెండోసారికే చచ్చిపోయింది.

‘ఆమె మొహం ఫోటోల ఉన్నది బిడ్డా. గొంతు గూడ జర యాదికున్నది. ఆ రుచే పోయింది. రుచికి ఫోటో ఎక్కడ దొర్కుతది?’ అన్నారు ఒకరోజు. ‘గీసారి ఆఖరు. గిప్పుడు గూడ పులిస్తే పీపాను నడుమకు కోసి కోళ్ళకు గూడు చేస్త. ఇగ నాతోని కాదు.’

ఆవిడ పోయిన రోజునే ఏటా పీపా తెరుస్తారు. ఈ ఏడాది ఆ రోజు నిన్న శనివారం వచ్చింది.

మూడు నెలల కిందటి మాట. బార్లీ కార్వాన్‌లో ఒక సేటు దగ్గర నేనే మోసుకొచ్చాను. కాచిన కషాయం పీపాలో పోసి, వాసెన కట్టిన మర్నాడే గార్డుగారికి కాజీపేట నుంచి కబురొచ్చింది, చెల్లెలుగారింట్లో గృహప్రవేశమని. పదిరోజులు వెళ్ళాలి. వంటింటి తాళం నాకిచ్చి, ‘పిల్లి రాకుండ జూడు. గుడ్డ వదులైతే జర బిగించు. గంతే’ అన్నారు. గంతే అంటే అంతే అని నాకు తెలుసు. మూత తియ్యొద్దని ఆయన వేరే చెప్పలేదు. మూత తీసే వెధవ ఉంటాడని ఆయనెందుకు అనుకుంటారు?

మూడో రోజు ఆదివారం పొద్దున్న వంటింట్లోకి వెళ్ళాను. పీపా బుస్సుమంటోంది. గుడ్డ ఉబ్బింది. మూడో రోజు! నువ్వు చిన్నప్పటినుంచి నా చెవిలో ఇల్లు కట్టుకుని పోరావు గదా, ఆవకాయ కలిపిన మూడో రోజు తిరగ కలపకపోతే అంతా నాశనమని. ఈయనకి ఎవరూ చెప్పలేదు కాబోలు, అందుకే నాలుగేళ్ళూ పులిసిపోయింది అనుకున్నాను. ఎంత తెలివైనవాణ్ణో చూడు.

తలంటి స్నానం చేశాను. ఉతికిన పంచె కట్టాను. చేతులు పొడిగా తుడుచుకున్నాను. తడి తగలకూడదు గదా. వాసెన విప్పి మూత తీస్తే పైనంతా జానెడు మందాన తెల్లగా బూజు. బుడబుడా పొంగుతోంది. నీ పెంపకంలో పెరిగినవాణ్ణి, బూజు చూస్తే ఊరుకుంటానా? గరిటెతో అంతా తీసి పారబోశాను. అంచు చుట్టూ పొడిగుడ్డతో తుడిచాను. కర్రతో అడుగు దాకా తిరగ కలిపాను. ఉప్పు తక్కువై ఇలా అయిందేమోనన్న అనుమానం కూడా వచ్చింది. ఎన్ని గిద్దలు వెయ్యాలో తెలియక మానేశాను. ఆ దేవుడు మేలు చేశాడు.

ఆవకాయతో పాటు నువ్వొక సీసాలో విడిగా పప్పునూనె ఇచ్చావు, గుర్తుందా? ‘పైన ఎప్పుడూ వేలెడు నూనె తేలుతూ ఉండాలి, తగ్గితే పొయ్యి, నా మాట మర్చిపోకు’ అన్నావు. నేను నీ మాట మర్చిపోలేదక్కా. ఆ సీసాడు పప్పునూనె తీసుకెళ్ళి పీపాలో పోశాను. పైన చక్కగా పరుచుకుంది. నా పంచె కొంగు చింపి వాసెన కట్టి, ఇంత మంచి పని చేసినందుకు ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

గార్డుగారు కాజీపేట నుంచి వచ్చారు. బుస్సుమనడం ఆగిపోయి పీపా నెమ్మదిగా ఉంది. ఆయన చెవి ఆనించి విని సంతోషించారు. నాకు కష్టపడి ఒక్కొక్కటే నేర్పడం మొదలుపెట్టారు.

‘మూడో దినం పైన నురుగొస్తది బిడ్డా. తెల్లగ, మందంగ. అదే దాని పానం. దాన్ని ముడ్తే కతం.’

నేను తలూపాను.

‘ఇంకోటి. ఈ సరుకుకు నూనె దుష్మన్. నూనె బొట్టంటిన గ్లాసుల బీరు పోసినా నురుగు సచ్చిపోతది. మస్తు జాగర్తగుండాలె.’

మళ్ళీ తలూపాను. ఆ మనిషి ఆఖరి పీపాను, భార్య రుచి తిరిగి దొరుకుతుందేమోనని ఆశపెట్టుకున్న పీపాను, నా చేతులతో ఆవకాయ పెట్టేశానని అప్పుడు తెలిసింది. అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేకపోయాను. పిరికివెధవనక్కా. ‘వచ్చినవా బిడ్డా’ అనే మాట మర్నాటి నుంచి వినపడదేమోనని భయం.

ఆ రోజు నుంచి నేను ఆయనకి చెయ్యని చాకిరీ లేదు. పంపు కొట్టి నీళ్ళు మోశాను. ఇడ్లీలు చేసిపెట్టాను. గోడకి సున్నం వేశాను. ‘నీ అసొంటి కొడుకు లేకపాయె’ అని ఆయన మురిసిపోతుంటే నాకు ముద్ద దిగేది కాదు.

ఒక ఆదివారం ఆయన చర్చికి వెళ్ళినప్పుడు నూనె తీసేద్దామని ప్రయత్నించాను. ఆఫీసు నుంచి అద్దుడు కాగితాలు తెచ్చాను. మూత తీసి ఒక్కొక్క కాగితం నూనె మీద ఆనించి తీస్తున్నాను. వెనకనుంచి ‘క్యా కర్రై మియా?’ అని గొంతు. ఖాదర్ భాయ్! గార్డుగారికి ముప్పై ఏళ్ళ స్నేహితుడు, అత్తరు దుకాణం ఉంది. గేటు తీసిన చప్పుడే కాలేదు. ఈ గల్లీలో ప్రతి గేటూ కిర్రుమంటుంది, మా గార్డుగారి గేటు తప్ప. రూతమ్మగారి తలనూనె డబ్బా ఒకటి మిగిలిపోతే పారెయ్యడానికి మనసొప్పక, అయిదేళ్ళుగా దాన్ని చుక్కచుక్కగా గేటు మడతబందులకీ, సైకిల్ చైనుకీ పోస్తున్నారాయన. అందుకే ఎవరు వచ్చినా తెలియదు.

‘బల్లి పడిందేమోనని చూస్తున్నాను భాయ్’ అన్నాను.

‘ఛిప్‌కలీ? అరె బాప్ రే!’ అని ఆయన నిజంగానే కంగారుపడి, అరగంటసేపు నాతోపాటు వంటిల్లంతా బల్లిని వెతికారు. చివరికి గోడమీద ఒకటి కనిపించింది. ‘గదే అయ్యుంటది. బతికే ఉన్నది. ఫికర్ నక్కో’ అని వెళ్ళిపోయారు. కాగితాలకి అంటిన నూనె చెంచాడు కూడా లేదు.

ఇక నిన్నటి సంగతి.

పొద్దున్న పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేసి వెళ్ళారు. మధ్యాహ్నం మూడింటికి వరండాలో గార్డుగారు, ఖాదర్ భాయ్, నేను. ఖాదర్ భాయ్ చుక్క ముట్టరు, వాళ్ళకి హరాం. కానీ ఏటా పీపా తెరిచే రోజు తప్పకుండా వస్తారు. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, వాసన చూసి, బాగుందో లేదో చెప్పి వెళ్తారు. అత్తరు సాయిబుగారి ముక్కు గదా. రూతమ్మగారు కూడా ఆయన ముక్కు ఒప్పుకుంటేనే మిగతావాళ్ళకి పోసేదట.

గార్డుగారు తెల్లచొక్కా వేసుకున్నారు. కొళాయి తిప్పారు. గాజుగ్లాసులోకి ముదురు తేనెరంగులో దిగింది. ఒక్క బుడగ లేదు. నురుగు అసలే లేదు. చెరువు నీళ్ళలా నిలబడిపోయింది. గార్డుగారు గ్లాసును వెలుతురుకి పెట్టి అలా చూస్తూ ఉండిపోయారు. ‘నురుగు రాలే’ అన్నారు మెల్లగా. కోళ్ళగూడు కళ్ళముందు కనిపించింది.

ఖాదర్ భాయ్ గ్లాసు అందుకున్నారు. ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. చాలాసేపు తెరవలేదు. తెరిచేసరికి ఆ కళ్ళు చెమ్మగిల్లి ఉన్నాయి.

‘శామ్యూల్ భాయ్,’ అన్నారు, ‘యే తో భాభీ కా హై.’ ఇది వదినగారి చేతిదే అని.

గార్డుగారు గ్లాసు లాక్కుని ఒక గుక్క తాగారు. ఇంకో గుక్క తాగారు. వరండా మెట్టు మీద కూలబడ్డారు. అంతలావు మనిషి, మీసాలు వణుకుతున్నాయి.

‘ఆమెది గూడ నురుగు రాకపోయేది,’ అన్నారు. ‘నేను మర్చిపోయిన. నేను చేసినప్పుడల్ల నురుగు మస్తుగొచ్చి, సరుకు పులిసేది. గిదే... గిదే రుచి. గిప్పుడెట్ల వచ్చింది?’

ఖాదర్ భాయ్ మళ్ళీ గ్లాసు తీసుకుని వాసన చూశారు. ‘ఇందుల ఒకటున్నది. మా దుకాణంల దినాం చూసేదే. తిల్ కా తేల్. నువ్వుల నూనె. భాభీ ఉన్నప్పుడు గూడ గీ వాసన జరంత వచ్చేది. ఆమె తలనూనె చేతికంటి వస్తుందేమో అనుకున్న. అదబ్ కాదని, మర్యాద కాదని అడగలే.’

నువ్వుల నూనంటే మన పప్పునూనే గదా. ఇద్దరూ నా వైపు చూడలేదు. నన్ను అనుమానించడానికి వాళ్ళకి కారణమే లేదు. నేనే ఆగలేక గార్డుగారి కాళ్ళ దగ్గర కూర్చుని అంతా కక్కేశాను. మూడో రోజు తిరగ కలపడం, బూజనుకుని నురుగు తియ్యడం, పప్పునూనె, అద్దుడు కాగితాలు, బల్లి, అన్నీ. బల్లి మాట చెప్పినప్పుడు ఖాదర్ భాయ్ ‘యా అల్లా, ఆధా ఘంటా!’ అని తలకొట్టుకున్నారు.

గార్డుగారు తిట్టలేదు. నన్ను ఒకటే అడిగారు. ‘మీ దిక్కు ఆడోళ్ళు పైన నూనె ఎందుకు పోస్తరు?’

‘గాలి తగలకుండా. గాలి తగిలితే పాడవుతుంది గదండీ. ఊరగాయ పెట్టే ప్రతి ఇంట్లోనూ పోస్తారు’ అన్నాను.

ఆయన లేచి లోపలికి వెళ్ళారు. ఆ గేటుకి పోసే డబ్బా తెచ్చారు. తుప్పుపట్టిన పాత డబ్బా. మూత తీసి నా ముక్కు దగ్గర పెట్టారు. ముక్కిపోయింది గానీ, ఆ వాసన నాకు తెలియకేం? పప్పునూనె. గానుగ పప్పునూనె.

‘ఎండకాలం నర్సాపురం పోయినప్పుడల్ల రెండు డబ్బలు తెచ్చుకునేది. తలకని చెప్పేది,’ అన్నారు. ‘రెండు డబ్బల నూనె ఒక్క తలకెట్ల సరిపోతదని ఇరవయ్యేండ్ల సంసారంల నేను ఒక్కనాడన్న అడగలే. ఆమె పోయినంక ఆ నూనె మొత్తం గేటుకు పోసిన. సైకిల్ చైనుకు పోసిన. పీపాల పోయాల్సింది.’ అని నవ్వారు. నవ్వుతూనే ఏడ్చారు. ఖాదర్ భాయ్ ఆయన భుజం పట్టుకుని కూర్చున్నారు. నాకూ ఆగలేదక్కా, ఏం చెయ్యను.

అప్పుడు గార్డుగారు గ్లాసు నా ముందు పెట్టారు. ‘ఆ దిక్కు మనిషివి. నువ్వు చూసి చెప్పాలె’ అన్నారు. నేను నీ ఒట్టు సంగతి చెప్పాను. ‘తాగమంటలే బిడ్డా. నాలుకకు పెట్టు. మీ అక్కకు నా పేరు చెప్పు’ అన్నారు. ఆ మొహం చూసి కాదనగలిగితే నేను మనిషినే కాదు.

గ్లాసు పట్టుకోలేదు. నా మీద నాకు నమ్మకం లేక కుడిచేయి గోకర్ణంలా పట్టి, కింద ఎడమచేయి పెట్టి, కాస్త పొయ్యమన్నాను. గుళ్ళో తీర్థానికి పట్టినట్టే. ఉద్ధరిణెడు పోశారు. పీల్చాను. ముందు నేలవేము చేదు తగిలింది. తర్వాత పాకం అడుగంటినప్పుడు వచ్చే బెల్లం. ఆ తర్వాత మన తాతయ్య పాత చెక్కపెట్టె తెరిచినప్పటి వాసన. మింగేశాక, అన్నిటికంటే వెనక, నువ్వు ఆవకాయ జాడీ వాసెన విప్పి నాకు మొదటిముద్ద కలిపి పెట్టేటప్పుడు వచ్చే ఆ పప్పునూనె. ఏడు నెలలుగా దాచుకున్న బెంగంతా ఒక్కసారి పొంగుకొచ్చింది. కళ్ళమ్మట బొటబొటా నీళ్ళు కారాయి. అలవాటున తడిచేతిని నెత్తికి రాసుకున్నాను.

సరిగ్గా అప్పుడే గేటు దగ్గర సున్నుండల డబ్బాతో ప్రసాదు నిలబడి ఉన్నాడు. ఎప్పటినుంచి ఉన్నాడో తెలియదు. చప్పుడు చెయ్యని గేటు గదా. వాడు చూసింది ఇది: ఒక ముసలాయన ఏడుస్తున్నాడు, ఒక సాయిబుగారు ఏడుస్తున్నారు, మధ్యలో నేను దోసిట్లో బీరు పట్టి తాగి, మిగిలింది తలకి రాసుకుని, ఏడుస్తున్నాను. ‘కామేశం తాగి ఏడుస్తున్నాడు, చాలక తలకి పోసుకుంటున్నాడు’ అని వాడు చెబుతాడు. ఏడ్చిన మాట నిజం. ఉద్ధరిణెడు నిజం. మిగతాది వాడిది. ఇంకో సంగతి, వాడికి గార్డుగారు మర్యాదకి ఒక గ్లాసు పోస్తే ఎత్తిన గ్లాసు దించలేదు, రెండోది అడిగాడు. అది వాడు చెప్పడు. వాళ్ళ నాన్నగారికి మాత్రం చెప్పకు, పాపం.

అక్కా, నీ ఒట్టు తప్పాను. దానికి ఏ శిక్ష వేసినా సరే. కానీ ఒకటి ఆలోచించు. తిరగ కలపమన్నది నువ్వు, నూనె పొయ్యమన్నది నువ్వు, ఆ నూనె సీసా ఇచ్చింది నువ్వు. పాపంలో సగం నీది. గార్డుగారైతే పుణ్యంలో సగం నీదంటున్నారు. ఏది తీసుకుంటావో నీ ఇష్టం.

ఇంకో రెండు చిన్న పనులు. నీకు వీలైతే గానుగ పప్పునూనె రెండు సీసాలు ఎవరైనా వస్తుంటే పంపు, ప్రసాదుతో మాత్రం వద్దు. ఆవకాయ మీద నూనె మూడో రోజే పోస్తారా, బూజు తీశాక పోస్తారా, వివరంగా నువ్వే రాయి. నా మాట మీద గార్డుగారికి అంత గురి లేదిప్పుడు. నీ ఉత్తరం రాగానే పైకి చదివి వినిపించమన్నారు. పీపా ఖాళీ కాగానే మళ్ళీ కడిగి ఎండబెట్టిస్తారట. కోళ్ళకి వేరే గూడు చూసుకోవాలి.

మీ అత్తగారికి నా నమస్కారాలు, మోకాళ్ళకి నువ్వులనూనె కాచి రాయమను, ఖాదర్ భాయ్ చెప్పారు. బావగారికి దణ్ణాలు. బుజ్జికి ముద్దులు, ఈసారి వచ్చేటప్పుడు లాడ్ బజార్ గాజులు తెస్తానని చెప్పు. తిట్టదలుచుకుంటే కార్డు మీద కాకుండా కవరులో తిట్టు, మా పోస్టుమాన్‌కి తెలుగు వచ్చు. నీ దీవెన ఉంటే చాలు, ఇక్కడ అన్నీ బాగానే జరుగుతాయి.

ఎప్పటికీ నీ మాట మర్చిపోని,
నీ తమ్ముడు
కామేశం

తా.క. ఇందాక కవరుకి జిగురు కొనడానికి బయటికి వెళ్తే, ఆదివారం ఆదివారం పోసే నూనె చుక్క ఇవాళ పడక గేటు కిర్రుమంది. డబ్బాలో ఇంకా అడుగున నాలుగు చుక్కల నూనె ఉంది, పోస్తానన్నాను. గార్డుగారు డబ్బాను బీరువాలో రూతమ్మగారి చీరల పక్కన పెట్టి తాళం వేశారు. ‘మొత్తుకోనీ తియ్ బిడ్డా’ అన్నారు.